శ్రీశైల యాత్ర – ఇష్టలింగ నిష్ఠ

ద్వాదశ జ్యోతిర్లింగములలో శ్రీశైల మల్లికార్జునుడొకడు. చంద్రవతి యను రాజకుమారి మల్లెపూలతో అర్చించుటచే స్వామికీ పేరు కలిగెనని స్థలపురాణము. శిఖర దర్శనమున పునర్జన్మ లేదని భక్తుల విశ్వాసము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున, పర్వత ప్రకరణమునందు, ఈ యాత్రను విపులముగ వర్ణించెను.

దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను గదా! ఇష్టలింగధారికి కొండనెక్కు పనియేమి? ఈ సందేహము సహజము. 12వ శతాబ్దిలో అక్కమహాదేవి కల్యాణమున శరణుల మన్నన పొందియు, తుదకు శ్రీశైలమునకే నడచి వచ్చి, కదళీవనమున లింగైక్యమందెనని సంప్రదాయము. ఆమెకు కరస్థల లింగమును, చెన్నమల్లికార్జునుడును వేరు కారు.

కనుక యాత్రికుడు పాతాళగంగలో స్నానమాడి, మొదట ఇష్టలింగమును పూజించి, పిదప స్వామిని దర్శింపవలెను. త్రోవలో ఆకలిగొన్నవారికి దాసోహము మరువరాదు. అది మరచినచో మిగులునది కాళ్ళనొప్పియే.