తడిసిన తోలు చెప్పులు

వానకు చెప్పులు తడిస్తే మనం ఏం చేస్తాం? వంటగదిలో పొయ్యి పక్కన పెడతాం. పోయినేడు నేనూ అట్లాగే పెట్టాను. తెల్లారేసరికి కట్టెలాగా బిగుసుకుపోయి, వంచగానే పటుక్కున పగిలాయి. సెలవులదాకా ఉత్తకాళ్ళతోనే తిరిగాను.

తోలు అంటే సన్నని పోగుల అల్లిక. పోగుల మధ్య జిడ్డు ఉంటేనే అవి ఒకదానిమీద ఒకటి జారతాయి, చెప్పు వంగుతుంది. పదేపదే తడిసి ఎండితే ఆ జిడ్డు తగ్గిపోయి పోగులు అతుక్కుంటాయి. తడి తోలుకు బాగా వేడి తగిలిందా, పోగులే ముడుచుకుపోతాయి. ఆ తర్వాత ఎంత నూనె పోసినా పగులు అతకదు.

అందుకని బురద తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టాలి. పూర్తిగా ఆరాక ఆముదం పల్చగా రాయాలి. ఎక్కువైతే దుమ్ము పట్టేస్తుంది. నీళ్ళు తొందరగా దిగకూడదంటే మూడు వంతుల ఆముదంలో ఒక వంతు తేనెమైనం కరిగించి రాయాలి. మైనం సుమారు 62–65 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి గిన్నెను వేడినీళ్ళలో పెడితే చాలు, మంట మీద వద్దు. కుట్లకు బాగా పట్టించండి, నీళ్ళు దిగేది అక్కడే.

రెగ్జిను చెప్పులకు ఇదంతా దండగ. కోసిన అంచున పోగులు కనిపిస్తే తోలు, గుడ్డ కనిపిస్తే రెగ్జిను. రాశాక ఎత్తున పెట్టండి, కుక్కలు ఊరుకోవు!

వార్డెను సారుకి మనవి: వరండాలో ఒక తాడు కట్టిస్తే పొయ్యి దగ్గరికి ఎవరమూ వెళ్ళం.