ఒకే తోట, నాలుగు రకాల వైన్: ఫ్రాన్స్ స్వతంత్ర ద్రాక్ష రైతు క్షేత్రం నేర్పే పాఠాలు

పరిచయం

ద్రాక్ష తోటను పరిశీలించే సస్యశాస్త్రజ్ఞుడు మొదట అడిగే ప్రశ్న దిగుబడి గురించే. ఫ్రాన్స్ దేశంలో తూర్ నగరానికి తూర్పున, లువార్ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న వూవ్రే ప్రాంతంలో ఆ ప్రశ్నకు చాలావరకు నిబంధనే సమాధానం చెబుతుంది. వూవ్రే పేరుతో అమ్మే సాధారణ వైన్‌కు హెక్టారుకు 52 హెక్టోలీటర్లు, అనగా ఎకరాకు సుమారు 2,100 లీటర్లు మూల పరిమితి. పరిమిత విస్తీర్ణం, పరిమిత దిగుబడి గల ఒక కుటుంబం ద్రాక్షపైనే ఎలా నిలబడగలుగుతున్నది? అక్కడి ఒక చిన్న స్వతంత్ర వైన్ ఉత్పత్తిదారు క్షేత్రాన్ని సందర్శించినప్పుడు గమనించిన అంశాల ఆధారంగా ఈ ప్రశ్నను ఇక్కడ చర్చించడమైనది.

స్వతంత్ర ఉత్పత్తిదారు ఎవరు?

ఫ్రాన్స్ ద్రాక్ష రైతుకు ప్రధానంగా మూడు మార్గాలు ఉన్నాయి. పండును లేదా రసాన్ని వ్యాపారికి అమ్మవచ్చు; సహకార సంఘానికి అప్పగించవచ్చు; లేదా తానే వైన్ తయారుచేసి, సీసాలలో నింపి అమ్ముకోవచ్చు. మూడవ మార్గాన్ని ఎంచుకున్నవారే స్వతంత్ర ఉత్పత్తిదారులు. తన తోటను తానే సాగు చేయడం, తన పండునే పులియబెట్టడం, తన నేలమాళిగలోనే సీసాలలో నింపడం, తన సరుకును తానే విక్రయించడం వీరి జాతీయ సంఘం నియమావళిలోని ముఖ్యాంశాలు. విలువ జోడింపు మొత్తం రైతుకే దక్కుతుంది. దానితోపాటు నష్టభయం మొత్తం కూడా రైతుదే అవుతుంది. ఈ రెండింటినీ విడదీసి చూడరాదు.

నేల, రకం

ఈ ప్రాంతపు అడుగుపొర తుఫో అనే మెత్తని సున్నపురాయి. దానిపై కొన్నిచోట్ల చెకుముకి రాళ్ళు కలిసిన బంకమట్టి, కొన్నిచోట్ల సున్నం అధికంగా గల బంకమట్టి ఉంటాయి. లువార్ తీరపు కోటలు, భవనాల కోసం ఈ రాతిని తవ్వి తీసిన సొరంగాలే నేడు వైన్ నిల్వ చేసే నేలమాళిగలు. వాటిలో ఏడాది పొడవునా ఉష్ణోగ్రత సుమారు 12 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలకడగా ఉంటుంది కనుక చల్లబరచడానికి పెద్దగా విద్యుత్తు అవసరం లేదు.

ఇక్కడి ప్రధాన రకం షెనిన్ బ్లాంక్. మన దేశంలో నాసిక్ ప్రాంతంలో సాగవుతున్నదీ ఈ రకమే. దక్కనులో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు చేసి ఒక పంట తీస్తాము. వూవ్రేలో తీగ చలికాలంలో పూర్తిగా నిద్రావస్థలోకి వెళుతుంది. అప్పుడే ప్రధాన కత్తిరింపు చేస్తారు. చిగురు త్వరగా వేయడం, కాయ ఆలస్యంగా పక్వానికి రావడం ఈ రకం లక్షణాలు. పక్వదశలో కూడా ఆమ్లత నిలిచి ఉండడం దీని ప్రత్యేకత. తరువాతి నిర్ణయాలన్నీ ఈ లక్షణాలపైనే ఆధారపడి ఉంటాయి.

ఋతువును బట్టి ఉత్పత్తి

ఈ క్షేత్రంలో ఏ వైన్ తయారుచేయాలో ఏడాది మొదట్లో నిర్ణయించరు. శరదృతువు వాతావరణమే నిర్ణయిస్తుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం ఆల్కహాలు ఏర్పడుతుంది. కాబట్టి కోత సమయానికి పండులో ఉన్న చక్కెర, ఆమ్లాల నిష్పత్తిని బట్టి ఉత్పత్తి మారుతుంది.

1. చల్లని ఏడాదిలో, ఆమ్లత ఎక్కువగా ఉన్నప్పుడు త్వరగా కోసి, సీసాలోనే రెండవసారి పులియబెట్టి స్పార్క్లింగ్ వైన్ చేస్తారు.

2. మధ్యస్థమైన ఏడాదిలో చక్కెర దాదాపు పూర్తిగా పులిసిన, తీపి లేని వైన్ చేస్తారు.

3. పక్వత మరికొంత పెరిగితే కొద్దిగా చక్కెర మిగిల్చి, స్వల్ప తీపి గల వైన్ చేస్తారు.

4. వెచ్చని, దీర్ఘమైన శరత్కాలంలో అదే తోటలో పలుమార్లు తిరిగి, పండిన గుత్తులను మాత్రమే చేతితో ఏరి, తియ్యని వైన్ చేస్తారు.

నాల్గవ పద్ధతిలో బోట్రైటిస్ సినీరియా శిలీంధ్రం పాత్ర గమనించదగినది. మన విద్యార్థులకు ఇది గుత్తి కుళ్ళు తెగులు కారకంగానే పరిచయం. ఉదయం మంచు, మధ్యాహ్నం పొడి ఎండ ఉన్నప్పుడు ఇదే శిలీంధ్రం పండు తొక్కను పలుచబరచి, నీటిని ఆవిరి చేయించి, చక్కెరను గాఢపరుస్తుంది. అదే సమయంలో వరుస వానలు పడితే మాత్రం పంట కుళ్ళిపోతుంది. అందువల్ల కోత ఆపాలా, కొనసాగించాలా అన్నది అనుభవంతో తీసుకోవలసిన నిర్ణయం.

నష్టభయం

త్వరగా చిగురించే రకానికి ఏప్రిల్ మంచు ప్రధాన శత్రువు. లేత చిగుళ్ళు సుమారు మైనస్ 2 డిగ్రీల వద్దే దెబ్బతింటాయి. 2021 ఏప్రిల్ మొదటి పక్షంలో వచ్చిన మంచు ఫ్రాన్స్ ద్రాక్ష ప్రాంతాలలో అధిక భాగాన్ని నష్టపరచింది. శీతకాలాలు వెచ్చబడుతున్న కొద్దీ చిగురు మరింత ముందుగా వస్తున్నది. ఫలితంగా భూతాపం పెరిగినా మంచు ముప్పు తగ్గడం లేదు. గాలి యంత్రాలు, తోటలో వెలిగించే పెద్ద మైనపు దీపాలు కొంత రక్షణ ఇస్తాయి. అయితే ఇవి ఖర్చుతో కూడినవి. చిన్న ఉత్పత్తిదారుకు అసలైన రక్షణ నేలమాళిగలోని పాత నిల్వ. ఆమ్లత వల్ల షెనిన్ వైన్ దశాబ్దాలు నిలువ ఉండగలదు కనుక, మంచి ఏడాది దాచిన సీసాలు పంట పోయిన ఏడాదిలో ఆదాయమవుతాయి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

మన రాష్ట్రాలలో ద్రాక్షను వైన్‌గా మార్చాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అన్వయించదగినవి ఈ క్రింది మూడు అంశాలు.

మొదటిది, ప్రత్యామ్నాయ ప్రణాళిక. వర్షాలు ఆలస్యమైతే ఏ పంట వేయాలో మనం సిఫారసు చేస్తున్నాము. వేసిన పంట నాణ్యత మారినప్పుడు దానిని ఏ ఉత్పత్తిగా మలచాలో కూడా ముందే సిఫారసు చేయగలగాలి.

రెండవది, భౌగోళిక గుర్తింపు. బంగినపల్లి మామిడికి 2017లో, తాండూరు కందికి 2022లో ఈ గుర్తింపు లభించింది. పేరు నమోదైనంత మాత్రాన ధర పెరగదు. వూవ్రేలో ఆ పేరు వెనుక రకం, కత్తిరింపు, దిగుబడి పరిమితి వంటి నియమాలు ఉన్నాయి. వాటిని పాటించడం వల్లనే కొనుగోలుదారుకు పేరుపై నమ్మకం నిలిచింది.

మూడవది, నిల్వ సామర్థ్యం. పంటను వెంటనే అమ్మక తప్పని రైతుకు ధర విషయంలో మాట్లాడే అవకాశం ఉండదు. ఆరబెట్టే యార్డులు, శీతల గిడ్డంగులు, గిడ్డంగి రసీదుపై రుణం మన రైతుకు ఆ నేలమాళిగ చేసే పనినే చేయగలవు.

ముగింపు

ఎకరా దిగుబడి అవసరమైన కొలమానమే కాని, అదొక్కటే చాలదు. కోత తరువాత పంటపై నిర్ణయాధికారం ఎంతకాలం రైతు చేతిలో ఉన్నదో కూడా మన క్షేత్ర సర్వేలలో నమోదు చేయవలసి ఉన్నది. విద్యార్థులు తమ గ్రామీణ అనుభవ శిక్షణలో కనీసం ఒక పంటకైనా ఈ పరిశీలన చేపట్టినచో, సిఫారసులు పొలం గట్టు దగ్గరే ఆగిపోకుండా ఉంటాయి.