విని గ్రహించుట, చదివి గ్రహించుట : చైనా విద్యార్థుల ఆంగ్ల పరీక్ష

పల్లెలో పుట్టిన బిడ్డ పరభాషలో పరీక్ష వ్రాసి ఉన్నత విద్యకు పోవలసి వచ్చుట మన దేశమునందే గాక మరికొన్ని దేశములందును కలదు. అట్టి దేశములలో చైనా యొకటి. అచటి ఉన్నత పాఠశాలలలో చివరి సంవత్సరము చదువు విద్యార్థులు ఆంగ్లమును విని యెట్లు గ్రహింతురో, చదివి యెట్లు గ్రహింతురో, అందు వారికి గల చిక్కు లెట్టివో తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు ఉపయోగకరము. ఏలయన, ఆ చిక్కులలో కొన్ని ఉపాధ్యాయుడు తీర్చదగినవి. కొన్ని మాత్రము చుట్టునున్న జనులు పూనుకొన్నగాని తీరవు.

పరీక్ష స్వరూపము

చైనాలో విశ్వవిద్యాలయ ప్రవేశమునకై జరుగు పరీక్షకు 'గావోకావో' అని పేరు. సాంస్కృతిక విప్లవ కాలమున 1966లో నిలిచిపోయిన ఈ పరీక్ష 1977లో మరల ప్రారంభింపబడినది. 2003 నుండి సాధారణముగ జూన్ 7వ తేదీన మొదలగుచున్నది. 2024లో దీనికి 1 కోటి 34 లక్షల 20 వేల మంది పేర్లు నమోదు చేయించుకొనిరి. చైనీయ భాష, గణితము, విదేశ భాష అను మూడును అందరును వ్రాయవలసినవి. ఒక్కొక్కదానికి 150 మార్కులు. రష్యన్, జపనీస్, జర్మన్, ఫ్రెంచి, స్పానిష్ భాషలలో దేనినైనను విదేశ భాషగా ఎన్నుకొనవచ్చును గాని, అత్యధికులు ఆంగ్లమునే ఎన్నుకొందురు. ప్రాథమిక పాఠశాలలో మూడవ తరగతి నుండి ఆంగ్లము ప్రారంభింపవలెనని 2001లో ఆ దేశపు విద్యాశాఖ నిర్దేశించినది.

జాతీయ ప్రశ్నపత్రమును వాడు చాల రాష్ట్రములలో ఆంగ్లపు మార్కులు ఇట్లు పంచబడియున్నవి: విని గ్రహించుటకు 30, చదివి గ్రహించుటకు 50, పదములను వ్యాకరణమును ప్రయోగించుటకు 30, వ్రాతకు 40. అనగా నూటయేబది మార్కులలో ఎనుబది మార్కులు కేవలము గ్రహణశక్తికే చెందినవి. కంఠస్థము చేసిన పదముల పట్టికతో మాత్రమే ఈ ఎనుబది మార్కులు లభింపవు.

విని గ్రహించుట

జూన్ 8వ తేదీ మధ్యాహ్నము మూడు గంటలకు ఆంగ్ల పరీక్ష మొదలగును. వినికిడి భాగము మొదటనే యుండును. కావున పరీక్షకు పదునైదు నిమిషములకు ముందే విద్యార్థుల ప్రవేశము నిలిపివేయుదురు. తరువాత వచ్చినవారికి లోనికి పోవు వీలులేదు.

ఇందు 20 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి ఒకటిన్నర మార్కు. ప్రతి ప్రశ్నకును మూడేసి సమాధానములిచ్చి ఒకదానిని ఎన్నుకొనుమందురు. మొదట ఐదు చిన్న సంభాషణలు వినిపింతురు. ఇవి ఒక్కమారే వినిపింపబడును. ఒక్కొక్క సంభాషణ ముగిసిన పిమ్మట సమాధానము గుర్తించుటకును, రాబోవు ప్రశ్నను చదువుకొనుటకును కలిపి పది క్షణములే గడువు. పిదప కొంచెము పెద్దవైన మరి ఐదు భాగములు రెండేసి మారులు వినిపింతురు. జాతీయ పత్రములో చాల యేండ్లుగా కనబడు మాదిరి ప్రశ్న యొకటి కలదు: ఒక చొక్కా వెల ఎంత? 19 పౌన్ల 15 పెన్నీలా, 9 పౌన్ల 18 పెన్నీలా, 9 పౌన్ల 15 పెన్నీలా? చివరిదే సరియైనది. చెవి యొక్క క్షణము ఏమరినచో మూడును ఒక్కటిగనే తోచును.

చైనీయ భాష మాటలాడువారికి ఇందు ప్రత్యేకమైన కష్టములు కలవు. వారి ప్రామాణిక భాషలో అక్షరము అచ్చుతో గాని, నకారమువంటి అనునాసికముతో గాని, కొలదిగ రేఫతో గాని ముగియునే తప్ప ట, డ, క వంటి హల్లులతో ముగియదు. కావున ఆంగ్లములో చలి యని అర్థమిచ్చు 'కోల్డ్' అను మాటయు, బొగ్గు అని అర్థమిచ్చు 'కోల్' అను మాటయు వారి చెవికి ఒకటిగ వినబడుట కలదు. ఈ చిక్కు తెలుగువారికి కొత్త కాదు. మనమును బస్సు, రైలు, బుక్కు అని తుదను అచ్చు చేర్చి పలుకువారమే కదా!

ఆంగ్లములో భూతకాలమును తెలుపు ధ్వని పెక్కు క్రియల చివర సన్నగ పలుకబడును. చైనీయ భాషలో క్రియారూపము కాలమునుబట్టి మన భాషలోవలె మారదు. నిన్న, రేపు వంటి మాటలును, కొన్ని చిన్న పదములును ఆ పని చేయును. అందుచేత చివరి ధ్వని చెవిని తప్పినచో, పని జరిగినదో జరుగనున్నదో విద్యార్థికి తెలియకపోవును. అట్లే 'అతడు', 'ఆమె' అను రెంటికిని చైనీయ భాషలో ఉచ్చారణ ఒక్కటే: 'తా'. వ్రాతలో మాత్రము వేరువేరు గుర్తులు. కనుక ఆంగ్ల సంభాషణలో ఎవరిని గూర్చి చెప్పుచున్నారో గమనించుటకు ప్రత్యేక సాధన కావలెను.

సంఖ్యల సంగతియు ఇట్టిదే. చైనావారు పెద్ద సంఖ్యలను పదివేలు మూలముగ లెక్కింతురు. పదివేలకు 'వాన్' అని పేరు. ఆంగ్లములో 'మిలియన్' అని వినిన చైనా విద్యార్థి దానిని నూరు 'వాన్'లుగ మార్చుకొనవలెను. మనవాడు పది లక్షలుగ మార్చుకొనవలెను. ఈ మార్పు మనసులో జరుగుచుండగనే తరువాతి వాక్యము దాటిపోవును.

ఒక చిన్న అభ్యాసము

ఈ పరీక్ష కోరునది కేవలము శబ్దజ్ఞానము కాదనుటకు ఒక మాదిరి చూపుదుము. ఒక బాలిక స్నేహితురాలిని ఇట్లడుగును: "మన బస్సు నాలుగుంబావుకే కదా?" రెండవ బాలిక, "పోయిన వారము వరకు అంతే. ఇప్పుడు అరగంట ముందే పోవుచున్నది" అనును. బస్సు ఎప్పుడు బయలుదేరును? మూడుముప్పావుకా, నాలుగుంబావుకా, నాలుగుముప్పావుకా?

సమాధానము మూడుముప్పావు. ఈ మాట సంభాషణలో ఎక్కడను లేదు. స్పష్టముగ వినబడిన 'నాలుగుంబావు' సరియైనది కాదు. వినిన మాటను పట్టుకొని తొందరపడినవాడు తప్పును గుర్తించును. "పోయిన వారము వరకు" అను మాటల బలమును గ్రహించినవాడు సరియైనదానిని గుర్తించును. వినుట వేరు, గ్రహించుట వేరు అని ఉపాధ్యాయులు చెప్పుట ఇందుకే.

చదివి గ్రహించుట

చదువు భాగములో నాలుగు గద్యభాగములపై 15 ప్రశ్నలుండును; ఒక్కొక్కదానికి రెండున్నర మార్కులు. మొదటిది తరచుగ ప్రకటన, కార్యక్రమ వివరము వంటి వ్యవహారోపయోగమైన భాగము. తక్కినవి కథనములు, శాస్త్ర విషయములు, సామాజిక విషయములపై వ్యాసములు. పిదప ఐదు వాక్యములు తీసివేసిన మరియొక భాగమిచ్చి, ఏడు వాక్యములలోనుండి తగిన ఐదింటిని ఎన్నుకొని ఖాళీలు నింపుమందురు. రెండు వాక్యములు మిగులును. ముందు వాక్యమునకు వెనుక వాక్యమునకు గల సంబంధము తెలియనిదే ఇది సాధ్యము కాదు.

ఇచట వాక్యనిర్మాణము అడ్డు వచ్చును. తెలుగులో "నిన్న సంతలో ఎద్దులను కొన్న రైతు" అందుము. రైతును వర్ణించు మాటలన్నియు రైతుకు ముందే వచ్చినవి. చైనీయ భాషలోను వర్ణనము ముందు, నామము తరువాత. ఆంగ్లములో ఇట్టి వర్ణనము నామమునకు వెనుకకు పోవును: రైతు మొదట, అతడు నిన్న సంతలో ఎద్దులను కొన్న సంగతి తరువాత. పొడుగు వాక్యములో ఇట్టి వర్ణనములు రెండు మూడు చేరినచో, అసలు క్రియ యేదో తోచక చైనా విద్యార్థి తికమకపడును. మన విద్యార్థి స్థితియు అదియే. ముందు కర్తను, దాని క్రియను వెదకి గీత గీసి, పిమ్మట తక్కిన మాటలను వాని వాని స్థానములలో చేర్చుకొనుట దీనికి మందు.

ఉన్నత పాఠశాల పాఠ్యక్రమము ప్రకారము విద్యార్థికి సుమారు 3000 ఆంగ్ల పదములు తెలిసియుండవలెను. ఐనను తెలియని పదము ఎదురగుచునే యుండును. అట్టిచోట సందర్భమే నిఘంటువు. ఉదాహరణమునకు ఒక గద్యభాగమున ఇట్లున్నదనుకొందము: "ఏడు మాసములుగ వానలేదు. నేల 'పార్చ్‌డ్' అయినది. పసిబిడ్డ పాదము దూరునంతటి బీటలు వారినది." ఆ పదము ఎన్నడును చూడకున్నను, అది ఎండి మాడిన నేలను తెలుపునని ముందు వెనుక వాక్యములే చెప్పుచున్నవి. పిమ్మట ఇట్లున్నదనుకొందము: "పొరుగూరివారు కడవలతో వచ్చి నూతికి దూరముగ నిలిచిరి. గ్రామపెద్ద మాటాడలేదు. చేదను, తాటిని తెచ్చి నూతి గట్టుపై నుంచి వెడలిపోయెను." పెద్ద ఉద్దేశమేమి? నీరు తోడుకొనుటకు అనుమతించెనని సమాధానము. అనుమతి యను మాట అందు లేదు. అతని చేతలో నున్నది. అయితే ఊహకు హద్దు కలదు. పొరుగూరివారు అతని బంధువులని ఎవరైన అనుకొన్నచో దానికి ఆధారము లేదు. లోకములో సాధ్యమైనదంతయు సమాధానము కాదు. ఇచ్చిన గద్యములో ఆధారము గలదియే సమాధానము.

సాధన చేయు విధము

వినికిడి భాగములో ప్రశ్నలను ముందుగ చదువుకొనుటకు ఇచ్చు కొద్ది క్షణములు మిక్కిలి విలువైనవి. స్థలమును గూర్చి అడుగుచున్నారా, వెలను గూర్చియా, కారణమును గూర్చియా అని తెలిసికొన్న చెవి దానికొరకు సిద్ధముగ నుండును. ఇంటిలో సాధన చేయునపుడు మొదట పుస్తకము మూసి వినవలెను. రెండవమారు విన్నది విన్నట్లు వ్రాసికొనవలెను. పిమ్మట పుస్తకము తెరచి తప్పిన మాటలను గుర్తించి, వానిని బిగ్గరగ పలుకవలెను. తాను పలుకగల ధ్వనిని చెవి సులభముగ పోల్చుకొనును. వారమునకొక దినము మూడు గంటలు వినుటకంటె దినదినము పావుగంట వినుట మేలు.

చదువులో మొదట ప్రశ్నను, పిదప గద్యమును చూచి, సమాధానమునకు ఆధారమైన వాక్యముపై వ్రేలుంచగలిగిననే ముందుకు పోవలెను.

పల్లె విద్యార్థి లోటు

పుస్తకములోని మాట చదువరికొరకు నిలిచియుండును. అర్థము కానిచో మరల చదువవచ్చును. ఒక మంచి పుస్తకమును దీపమును ఉన్నచో పేద విద్యార్థియు చదువులో కొంత దూరము స్వయముగ పోగలడు. వినుట అట్లు కాదు. దానికి పలుకువారు కావలెను. లేదా యంత్రము కావలెను. అన్నిటికంటె ముందు నిశ్శబ్దము కావలెను. చైనా పల్లెలలో తలిదండ్రులు దూర నగరములకు పనికి పోగా తాత అవ్వల వద్ద పెరుగు పిల్లలు పెక్కుమంది కలరు. ఇంట ప్రాంతీయ భాష, బడిలో ప్రామాణిక చైనీయ భాష, దానిపై ఆంగ్లము. నగర బాలునికి చిన్ననాటినుండి చెవిని పడు ఆంగ్లము ఈ పిల్లలకు తరగతి గదిలో తప్ప వినబడుట అరుదు. ఒక్కొక్క మార్కుతో ఎన్నో స్థానములు తారుమారగు పరీక్షలో ఇది చిన్న లోటు కాదు.

ఈ లోటు పూర్తిగ తీరినదనలేము గాని, పరీక్ష దినమున నిశ్శబ్దమును మాత్రము ఆ దేశమున అందరును బాధ్యతగ తీసికొందురు. పరీక్షాలయముల సమీపమున కట్టడపు పనులు నిలిపివేయుదురు. వాహనములు కూతలు వేయరాదని ఆజ్ఞలుండును. అవసరమైనచోట దారులు మళ్లింతురు. రాజధాని బీజింగులో 2021 నుండి వినుట, మాటలాడుట అను రెంటిని కలిపి 50 మార్కులకు కంప్యూటరుపై వేరుగ పరీక్షించుచున్నారు. దీనిని రెండు మారులు వ్రాయుటకు అవకాశము కలదు; ఎక్కువ వచ్చిన మార్కులనే లెక్కింతురు. ఒక్క క్షణపు ఏమరుపాటు సంవత్సరపు కృషిని చెరుపకుండ ఇది కొంత రక్షణ.

పంచాయతీలు చేయదగినది

విని నేర్చువానికి ఊరి సాయము కావలెనను మాట మన పల్లెలకును వర్తించును. శబ్ద కాలుష్య నియంత్రణకై 2000లో భారత ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, కొలది మినహాయింపులు తప్ప, రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు బయలు ప్రదేశములలో ధ్వనివర్ధకములు వాడరాదు. విద్యాలయముల చుట్టు 100 మీటర్లకు తక్కువ కాని ప్రదేశమును నిశ్శబ్ద ప్రదేశముగ ప్రకటించుటకు ప్రభుత్వములకు అధికారము కలదు. నియమము కాగితముపై నున్నంత మాత్రమున చెవికి శాంతి కలుగదు. జాతర పెద్దలతోను, పెండ్లివారితోను, ధ్వనివర్ధకములు అద్దెకిచ్చువారితోను పరీక్షల నెలకు ముందే కూర్చుండి మాటలాడగలవారు పంచాయతీ సభ్యులే.

గ్రంథాలయమందో, పంచాయతీ కార్యాలయమందో ఒక గదిని సాయంకాలము గంటసేపు విద్యార్థులకు విడిచి, రేడియో గాని ఫోను గాని పెట్టి ఆంగ్ల పాఠములు వినిపించుట పెద్ద వ్యయముతో కూడిన పని కాదు. చదువుకొన్న యువకుడొకడు పక్కన కూర్చుండి, "ఇప్పుడేమి విన్నారు?" అని యడిగిన చాలును. బదులు చెప్పబోవునపుడు పిల్లవానికి తాను గ్రహించినదెంతో తెలిసివచ్చును. ఊరిలో ఈ సంవత్సరము చివరి తరగతి వ్రాయు పిల్లలెందరో లెక్క తీసి, వచ్చు సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుట మొదటి మెట్టు.