ఒంటిపూట భోజనంతో బరువు తగ్గవచ్చా?

ఒకపూట తినేవాడు యోగి, రెండుపూటలు తినేవాడు భోగి, మూడుపూటలు తినేవాడు రోగి అని మన పెద్దలు చెప్పుకొనే సామెత ఉంది. ఈమధ్య ఆ సామెత మళ్ళీ చాలామంది నోట వినబడుతోంది. సెల్‌ఫోనులో వీడియో చూసి కొందరు, పక్కింటివారు తగ్గారని విని కొందరు రోజుకు ఒక్కపూటే తింటూ బరువు తగ్గాలని చూస్తున్నారు. మా ఓ.పి.కి వచ్చేవారిలో చాలామంది, "ఇది మంచిదేనా?" అని అడుగుతున్నారు. అందుకే ఈ నెల పాఠానికి ఈ విషయాన్ని తీసుకున్నాం.

ఒక అమ్మగారి అనుభవం

ముందుగా ఒక సంగతి చెబుతాం. పేరు, ఊరు చెప్పడం లేదు. యాభై దాటిన ఒక అమ్మగారికి చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉంది. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. కొడుకు పెళ్ళి దగ్గర పడుతోందని, ఈలోగా కాస్త సన్నబడాలని పగలు తినడం పూర్తిగా మానేసి రాత్రి మాత్రమే భోజనం చేయడం మొదలుపెట్టారు. మొదటి వారం రెండు కిలోలు తగ్గారు. ఎంతో సంతోషించారు.

రెండవ వారంలో ఒకరోజు ఉదయం పదకొండు గంటలకు బట్టలు ఆరేస్తూ చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడిపోయారు. మాటలు తడబడ్డాయి. కూతురు ఆటోలో మా దగ్గరకు తీసుకువచ్చింది. రక్తంలో చక్కెర చూస్తే 48 మాత్రమే ఉంది. నరం ద్వారా గ్లూకోజు ఎక్కించాక తేరుకున్నారు. ఆమె వాడే మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది కనుక ఒకరోజు వార్డులోనే ఉంచి చూశాం.

"మాత్ర కూడా వేసుకున్నారా అమ్మా?" అని అడిగితే ఆమె ఇచ్చిన జవాబు మాకు ఇప్పటికీ జ్ఞాపకం. "అన్నం మానేశానే గాని మాత్ర మానలేదు సిస్టరమ్మా. మాత్ర మానితే డాక్టరమ్మగారు కోప్పడతారు కదా!"

ఆమె తప్పేమీ లేదు. మందు మానవద్దని మేమే చెప్పాం. వచ్చిన ప్రతిసారీ బరువు తగ్గమని కూడా మేమే చెప్పాం. ఎలా తగ్గాలో మాత్రం కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ పాఠం.

తినకుండా ఉంటే శరీరంలో ఏమి జరుగుతుంది?

మనం తిన్న అన్నం, రొట్టె చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. అవసరానికి మించినదానిలో కొంత గ్లైకోజన్ అనే రూపంలో కాలేయంలోనూ కండరాలలోనూ నిల్వ ఉంటుంది. తినని సమయంలో కాలేయం తన నిల్వను కరిగించి రక్తానికి చక్కెర అందిస్తుంది. ఈ నిల్వ తగ్గేకొద్దీ శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకోవడం మొదలుపెడుతుంది.

ఇంతవరకు విని, "అయితే మంచిదే కదా" అనిపిస్తుంది. కానీ రెండు సంగతులు గమనించాలి.

ఒకటి, గ్లైకోజన్‌తోపాటు నీరు కూడా నిల్వ ఉంటుంది. గ్లైకోజన్ ఖర్చయితే ఆ నీరూ పోతుంది. మొదటి వారంలో తూకంలో కనబడే తగ్గుదలలో చాలా భాగం ఈ నీరే. మామూలుగా తినగానే అది తిరిగి వస్తుంది. రెండు, శరీరం కొవ్వును మాత్రమే కాదు, కండను కూడా కొంత కరిగించుకుంటుంది. చాలినన్ని మాంసకృత్తులు తినకపోతే, వ్యాయామం లేకపోతే ఈ నష్టం ఎక్కువ. పెద్ద వయసులో పోయిన కండ మళ్ళీ పట్టడం కష్టం. నడకలో బలం తగ్గుతుంది, కాలు జారి పడే ప్రమాదం పెరుగుతుంది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

అమెరికాలో ఆరోగ్యవంతులైన నడివయసువారిపై ఒక పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఒకే పరిమాణం గల ఆహారాన్ని వారు ఎనిమిది వారాలు మూడుపూటలా, మరో ఎనిమిది వారాలు సాయంకాలం ఒక్కపూటలో తిన్నారు. ఒక్కపూట తిన్నప్పుడు బరువు, కొవ్వు కొద్దిగా తగ్గిన మాట నిజమే. అయితే రక్తపోటు, కొలెస్టరాల్ పెరిగాయి. ఆకలి బాధ కూడా ఎక్కువగా ఉంది. ఇది కొద్దిమందిపై జరిగిన చిన్న పరిశోధన. దీనినే చివరి మాటగా తీసుకోలేం గాని, జాగ్రత్త అవసరమని తెలుస్తుంది.

చైనాలో స్థూలకాయం ఉన్న 139 మందిపై ఒక సంవత్సరం జరిగిన పరిశోధన 2022లో ప్రచురితమైంది. అందరికీ తక్కువ క్యాలరీల ఆహారమే ఇచ్చారు. వారిలో సగం మంది ఉదయం 8 నుండి సాయంత్రం 4 లోపలే తినాలి, మిగతావారికి వేళల నియమం లేదు. మొదటి గుంపువారు సుమారు 8 కిలోలు, రెండవ గుంపువారు సుమారు 6.3 కిలోలు తగ్గారు. ఈ తేడా చెప్పుకోదగినది కాదని పరిశోధకులు తేల్చారు.

దీనినిబట్టి మనకు తెలిసేదేమిటి? బరువు తగ్గించేది ముఖ్యంగా మొత్తం మీద తిన్న పరిమాణం. ఎన్ని పూటలు తిన్నామన్నది దాని తరువాతి మాట.

లెక్క వేసి చూద్దాం

"మేము ఒక్కపూటే తింటున్నాం, అయినా బరువు తగ్గడం లేదు" అనేవారు కూడా ఉన్నారు. ఉదాహరణకు ఒక ఇంటి లెక్క చూద్దాం.

మూడుపూటలా తినే రోజున: ఉదయం టిఫిను 400 క్యాలరీలు, మధ్యాహ్న భోజనం 700, రాత్రి భోజనం 700, టీలు, చిరుతిండి 300. మొత్తం 2,100.

ఒక్కపూట తినే రోజున: నీరసం తెలియకుండా పాలు, పంచదార వేసిన నాలుగు టీలు, 280 క్యాలరీలు. మధ్యలో బిస్కట్లు, జంతికలు 300. రాత్రి ఆకలి మీద తిన్న భోజనం 1,400. మొత్తం 1,980.

రోజంతా కడుపు మాడ్చుకుంటే మిగిలింది 120 క్యాలరీలు! అదే మూడుపూటలా తింటూనే రోజుకు 75 గ్రాముల బియ్యం తగ్గిస్తే సుమారు 260, రెండు టీలలో పంచదార మానితే 80, కూరల్లో మూడు చెంచాల నూనె తగ్గిస్తే 135. అన్నీ కలిపి 475 క్యాలరీలు తగ్గుతాయి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి కనుక, మొదట్లో రెండు వారాలకు దాదాపు ఒక కిలో తగ్గే అవకాశం ఉంది. పోనుపోను ఈ వేగం తగ్గుతుంది. అది సహజమే, నిరుత్సాహపడవద్దు.

ఒక్కపూటలో మరో చిక్కు కూడా ఉంది. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర, కూర, పండు అన్నీ చాలినంతగా ఒక్కసారే తినాలంటే కడుపు పట్టదు. ఆకలి మీద కూర్చున్నవారి కంచంలో అన్నమే ఎక్కువవుతుంది, మిగతావి తగ్గిపోతాయి. మన రాష్ట్రాల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. అటువంటివారు ఆకుకూరలు, పప్పులు, మాంసం తగ్గించుకుంటే బరువు మాట అటుంచి రక్తమే తగ్గుతుంది.

ఎవరు ఒంటిపూట భోజనం చేయకూడదు?

1. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లైమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారు. తినకుండా వీటిని వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాగని మీ అంతట మీరు మందు మానవద్దు. చక్కెర పెరిగి మరో ప్రమాదం వస్తుంది.

2. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు. ఎక్కువసేపు తినకుండా ఉంటే రక్తంలో ఆమ్లాలు పేరుకొని వాంతులు, ఆయాసం రావచ్చు. అప్పుడు చక్కెర పరీక్షలో అంకె మరీ ఎక్కువగా కనబడకపోవచ్చు కూడా.

3. గర్భవతులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు.

4. తక్కువ బరువున్నవారు, క్షయ వ్యాధికి మందులు వాడుతున్నవారు, బలహీనంగా ఉన్న వృద్ధులు.

5. కడుపులో పుండు, మూత్రపిండాల వ్యాధి, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారు. ఎక్కువసేపు తినకపోతే పిత్తాశయంలో రసం కదలక నిలిచిపోతుంది. మరీ వేగంగా బరువు తగ్గితే కొత్తగా రాళ్ళు ఏర్పడే అవకాశమూ ఉంది.

6. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడేవారు. ముఖ్యంగా ఎండాకాలంలో తల తిరిగి పడిపోవచ్చు.

ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుడు, తగిన ఆహారం తింటూ, ఒక్కపూటతో బరువు తగ్గలేడని మేము అనడం లేదు. కొందరు తగ్గుతారు. కానీ చాలామంది కొన్నాళ్ళకే విసిగి మానేస్తారు, పోయిన బరువు తిరిగి వస్తుంది. జీవితాంతం చేయగలిగినదే మంచి పద్ధతి.

శ్రమకాలంలో ఒక్కపొద్దు ఉండేవారికి

మన సంఘాలలో శ్రమకాలపు 40 దినాలు ఒక్కపొద్దు ఉండే కుటుంబాలు చాలా ఉన్నాయి. అది భక్తికి సంబంధించినది, బరువుకు సంబంధించినది కాదు. దానిని మానమని చెప్పడం మా పని కాదు. మేము కోరేది ఒక్కటే. మందులు వాడేవారు ఉపవాసం మొదలుపెట్టక రెండు వారాల ముందే ఆసుపత్రికి వచ్చి అడగండి. మాత్ర మోతాదు, వేసుకునే వేళ మార్చవలసి ఉంటుంది. కొందరికి ఉపవాసమే వద్దని చెప్పవలసి వస్తుంది. అటువంటివారు మాంసమో, తీపి పదార్థాలో, టీవీ చూడడమో మానుకొని ఆ దినాలను గడపవచ్చు. ఆ రోజులలో మన ప్రాంతంలో ఎండలు ముదురుతాయి కనుక మంచినీళ్ళు మాత్రం మానవద్దు.

మరి ఎలా తగ్గాలి?

ముందు మీ బరువు ఎక్కువో కాదో తెలుసుకోండి. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించండి. పైన చెప్పిన అమ్మగారికి 72ను 1.55తో రెండుసార్లు భాగిస్తే 30 వస్తుంది. మన దేశస్థులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి.

- ఉన్న బరువులో నూటికి 5 వంతులు తగ్గినా చక్కెర, రక్తపోటు మెరుగుపడతాయి. 72 కిలోలవారికి అది మూడున్నర కిలోలే.
- హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలి. ముందు కూర, పప్పు వడ్డించుకోండి, అన్నం తరువాత. రెండవసారి వడ్డన కూరకే గాని అన్నానికి కాదు.
- ప్రతి పూటా పప్పు, గుడ్డు, పెరుగు, చేప, శనగలు, వీటిలో ఏదో ఒకటి ఉండాలి.
- రాత్రి భోజనం ఏడున్నరకు ముగించి, ఉదయం ఏడున్నరకు టిఫిను తింటే 12 గంటల విరామం దానంతటదే వస్తుంది. మందులు వాడేవారు ఇది కూడా అడిగి చేయండి.
- నెలకు ఇంటికి వచ్చే నూనె ప్యాకెట్లు లెక్కపెట్టి ఒకటి తగ్గించండి.
- వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున చురుకుగా నడవండి.
- తూకం వారానికి ఒక్కసారే, ఒకే వేళకు చూసుకోండి.

చక్కెర పడిపోతే ఇంట్లో ఏమి చేయాలి?

చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబాటు కనబడితే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు పొడి లేక పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. వోగ్లిబోజ్ కలిసిన మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడే ఇవ్వాలి. 15 నిమిషాలకు తగ్గకపోతే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టి, ఆసుపత్రికి తీసుకురండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

1. మన ఇంట్లో ఎవరు ఏ మాత్రలు వాడుతున్నారు? భోజనం తప్పితే వాటితో ప్రమాదం ఉందా?
2. గ్లూకోజు పొడి ఎక్కడ ఉందో ఇంట్లో అందరికీ తెలుసా?
3. బరువు తగ్గవలసినవారికి ఒక్కరికే వేరుగా వండుతున్నామా, లేక ఇంటిల్లిపాదీ కలిసి నూనె, అన్నం తగ్గించుకుంటున్నామా?

ఆ అమ్మగారు కొడుకు పెళ్ళికి నాలుగు కిలోలు మాత్రమే తగ్గారు. అదీ మూడుపూటలా తింటూనే. అయితే పెళ్ళి పందిట్లో కూలబడకుండా, వచ్చినవారందరినీ తానే పలకరించి వడ్డన చూసుకున్నారు. తరువాతి నెల మా దగ్గరకు వచ్చినప్పుడు ఆమె మొదట చూపించినది తూకం చీటీ కాదు, సంచిలో పెట్టుకున్న గ్లూకోజు పొట్లం. మీ సంచిలో కూడా ఒకటి ఉంచుకోండి.