రేఖాభ్యాసము

సంగీతము నేర్చుకొనువారు కీర్తనల జోలికి పోకముందు సరళీస్వరములను, జంటస్వరములను నెలల తరబడి సాధన చేయుదురు. ఇది అందరును ఎరిగినదే. బొమ్మ గీయుటకు కూడ అట్టి సరళులు కలవని మాత్రము పలువురు నమ్మరు. "అది పుట్టుకతో రావలెను" అని తేల్చివేయుదురు. ఈ ఒక్క మాట విని కాగితమును ప్రక్కకు నెట్టిన బాలబాలికలెందరో!

చిత్రలేఖనము క్రమముగా నేర్పదగిన విద్యయే యని తలచి, దానికి కళాశాలలో చోటిచ్చిన సంస్థ యొకటి కృష్ణామండలమున వెలసెను. అదియే మచిలీపట్టణమందలి ఆంధ్ర జాతీయ కళాశాల. 1905లో వంగ విభజన జరిగిన పిమ్మట స్వదేశోద్యమము దేశమంతట వ్యాపించెను. ఆ దినములలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారలు జాతీయ విద్యకై పాటుపడిరి. 1910లో కళాశాల ప్రారంభమయ్యెను. అచ్చట పుస్తకముల చదువుతోపాటు చేతిపనులకును పీట వేసిరి. జాతీయ పతాకమునకు రూపు కల్పించిన పింగళి వెంకయ్యగారును అచ్చట అధ్యాపకులుగా నుండినవారే.

అంతకుముందు ఈ విద్యకై ఆంధ్ర యువకులు దూరమేగవలసివచ్చెడిది. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు బొంబాయికి పోయి నేర్చెను. మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరములలోని ప్రభుత్వ కళాపాఠశాలలు 1850, 1857 సంవత్సరముల నడుమ ఏర్పడినవి. వానిలో గ్రీకు విగ్రహముల ప్లాస్టరు నకళ్లను ముందుంచి, వానిని చూచి గీయించుట ఆచారముగా నుండెను. 1896లో కలకత్తాకు అధ్యక్షుడుగా వచ్చిన హావెల్ ఈ పద్ధతిని మార్చబూనెను. భారతీయ చిత్రములే భారతీయ విద్యార్థులకు ఒరవడి కావలెనని ఆయన వాదము. అవనీంద్రనాథ ఠాకూరు ఆయనకు తోడయ్యెను. కలకత్తాలో చదివిన ప్రమోదకుమార ఛటర్జీ 1920 తరువాత బందరుకు వచ్చి జాతీయ కళాశాలలో చిత్రకళను బోధించిరి. 'నారాయణరావు', 'హిమబిందు' నవలల రచయితగా మనమెరిగిన అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులు. 1934 నుండి 1939 వరకు ఆ కళాశాలకే అధ్యక్షులుగా నుండిరి.

గ్రీకు విగ్రహమా, అజంతా గోడబొమ్మయా యను తగవు చాలకాలము సాగినది. గ్రీకు వీరుని ముఖమును గీసినంత మాత్రమున ఎవరి చేయియు చెడదు. ఏండ్ల తరబడి దానినే గీయుచు, కిటికీ వెలుపలి తాటిచెట్టు వైపు తలయెత్తి చూడనప్పుడే చెడును. ఏ పక్షమువారికైనను మొదటి పాఠము మాత్రమొక్కటే. ఆ పాఠము కంటికి చెప్పునట్టిది.

ఒక ఇత్తడి బిందెను బల్లపై నుంచి గీయుమన్నచో, క్రొత్తవాడు దాని మూతిని నిండు వృత్తముగా గీయును. మూతి గుండ్రమని అతడెరుగును. ఆ ఎరుకయే కాగితముపైకి దిగును. కన్ను చూచినది వేరు. మూతి సరిగా కంటి ఎత్తున నున్నచో ఒక గీతవలె కనబడును. బిందెను క్రిందికి దించిన కొలది, ఏటవాలుగా పట్టిన గాజువలె అది విప్పుకొనును. నిట్టనిలువుగా పైనుండి చూచినపుడు గాని వృత్తము కాదు. తెలిసినదానిని విడిచి కనబడినదానిని గీయుట వినుటకు సులభము. అలవడుటకు నెలలు పట్టును.

రెండవది కొలత. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలును నిలువుగా పట్టి బిందె ఎత్తును బొటనవ్రేలితో గుర్తింతురు. అదే కొలతను అడ్డముగా త్రిప్పి వెడల్పుతో పోల్తురు. మోచేయి ఏమాత్రము వంగినను కొలత తప్పును. పిదప వస్తువులను విడిచి, వాని నడుమనున్న ఖాళీని చూడవలెను. తాటియాకుల సందులలో కనబడు ఆకాశపు ముక్కలను సరిగా గీసినచో, ఆకులు వానంతటవే కుదురును.

దూరమును చూపు పాఠమునకు విజయవాడను మించిన తరగతి గది లేదు. బందరు కాలువ బయలుదేరుచోటనే ప్రకాశం బ్యారేజి యున్నది. 1957లో ప్రారంభమైన ఆ కట్టడము పొడవు కిలోమీటరునకు పైబడును, గేట్లు 70. అన్నియు ఒకే కొలతవి. విజయవాడ వైపు నిలిచి సీతానగరము దిక్కునకు చూచినచో, రోడ్డు అంచులును పిట్టగోడలును చూపరి కంటి ఎత్తున నున్న ఒక బిందువు వైపు పరుగెత్తును. చివరి దీపస్తంభము అగ్గిపుల్లంతయై తోచును.

ఆ నగరముననే 2008లో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఏర్పడినది. వాస్తుకళ చదువువారు మొదటి సంవత్సరమున చేతితో గీయుట నేర్వవలెను. అచ్చటికి చేరగోరువారు వ్రాయు జె.ఇ.ఇ. రెండవ పత్రమున గణితముతోపాటు చిత్రలేఖన పరీక్షయు కలదు. అంతవరకు లెక్కలే సాధించిన విద్యార్థి మొదటి దినమున తన గీత వణకుట చూచి, "నేను దీనికి తగను" అనుకొనుట కద్దు. తిన్నని గీతను కంప్యూటరే గీయును గదా యని వాదించువారును కలరు. తిన్నదనము యంత్రము పనియే. ఏ గీత ఎచ్చట ఆగవలెనో నిర్ణయించునది మాత్రము బిందె మూతి వద్ద శిక్షణ పొందిన కన్నే.

కొందరు గురువులు మొదటి నెలలలో రబ్బరును ముట్టనియ్యరు. తప్పిన గీతను చెరిపివేసినచో ఎంత తప్పినదో తెలియకపోవును. దాని ప్రక్కనే సరియైన గీతను గీయుమందురు. అందుచేత విద్యార్థి పుస్తకమున ఒక్కొక్క బిందెకు రెండేసి మూడేసి మూతులుండును.