వార్త మోసే చేతులు: తుపాను వేళ హామ్ రేడియో



నమల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) పక్షుల హాజరు చూసే ఘట్టం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. హుద్‌హుద్ పిట్ట కనబడలేదు. సరైన కారణం చెప్పకపోతే శిక్ష తప్పదన్నారు ఆయన. కాసేపటికి పిట్ట వచ్చి సబా దేశం నుంచి నిశ్చయమైన వార్త తెచ్చానంది. ఆయన ఆ మాటను వెంటనే నమ్మలేదు, కొట్టిపారెయ్యనూ లేదు. నిజమో కాదో చూద్దామని ఉత్తరం చేతికిచ్చి పంపి, అవతలివాళ్ల జవాబు ఏమిటో కనిపెట్టి ఉండమన్నారు.

ఆ పిట్ట పేరే ఒమన్ దేశం ఒక తుపానుకు ఇచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం అది విశాఖపట్నం వద్ద తీరం దాటింది. వార్త మోసిన పిట్ట పేరు పెట్టుకున్న తుపాను ముందుగా తెంచింది వార్తనే. కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లకు విశాఖలో ఉన్న తమవాళ్ల క్షేమం తెలియలేదు, విశాఖలో ఉన్నవాళ్లకు వీళ్ల క్షేమం తెలియలేదు. నాలుగేళ్ల తర్వాత, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అంతకుముందు 2013లో ఫైలిన్ గోపాలపూర్ వద్ద తీరం దాటింది కూడా అక్టోబరు 12నే. మన జిల్లాల క్యాలెండరులో ఆ వారం చుట్టూ ఎర్ర గీత గీసుకోవచ్చు.

మన సొసైటీకి దాతలు ఇచ్చేది బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్లు, మందులు. అల్లా స్వీకరించుగాక. కానీ సాయం తెచ్చిన లారీ ఎటు వెళ్లాలో చెప్పే మాట లేకపోతే అది జాతీయ రహదారి పక్క ఊళ్లోనే ఆగిపోతుంది. రోడ్డు పక్క ఊరికి మూడుసార్లు దుప్పట్లు అందుతాయి, లోపలి ఊరికి ఒక్కసారీ అందవు. ఇది ఎవరి దుర్బుద్ధీ కాదు, కబురు లేకపోవడం. ఆ కబురు మోసేవాళ్ల గురించే ఈ వ్యాసం.

హామ్ రేడియో, అంటే అమెచ్యూర్ రేడియో, ప్రభుత్వ లైసెన్సుతో మామూలు పౌరులు నడుపుకునే వైర్‌లెస్ స్టేషను. దాని మీద వ్యాపారం మాట్లాడకూడదు, సేవకు డబ్బు తీసుకోకూడదు, రహస్య సంకేతాల్లో మాట్లాడకూడదు. పెట్టెకూ పెట్టెకూ మధ్య టవరు గానీ, కేబులు గానీ, కంపెనీ గానీ అక్కర్లేదు. ఈ చివర ఒక సెట్టు, ఒక తీగ, 12 వోల్టుల బ్యాటరీ. ఆ చివరా అంతే. సెల్‌ఫోను చేతిలోదే అయినా దాని ప్రాణం ఎక్కడో టవరు కింద ఉన్న జనరేటరు డీజిలులోనూ, చెట్టు పడితే తెగే కేబులులోనూ ఉంటుంది. ఆ రెండూ నిలిచినా, అందరూ ఒకేసారి ఫోను చేస్తే లైను దొరకదు.

చేతిలో పట్టే చిన్న సెట్టు (144 నుంచి 146 మెగాహెర్ట్‌జ్) నేల మీద కొద్ది కిలోమీటర్లే పలుకుతుంది. మేడ ఎక్కితే కొంచెం ఎక్కువ. ఊళ్లో షెల్టరు నుంచి ఆసుపత్రికి అది చాలు. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం నూరు కిలోమీటర్లకు పైమాటే కాబట్టి అక్కడికి అందదు. దానికి 7 మెగాహెర్ట్‌జ్ కావాలి. సుమారు 20 మీటర్ల తీగను మధ్యలో తెంచి కేబులు కలిపి, రెండు వెదురు బొంగుల మధ్య మనిషి రెండింతల ఎత్తులో కడతారు. అంత కింద కట్టిన తీగ నుంచి తరంగం నిటారుగా పైకి పోయి, ఆకాశపు పై పొరకు తగిలి గొడుగులా కిందికి పరుచుకుంటుంది. మధ్యలో కొండలున్నా, వంశధార పొంగినా దానికి పట్టింపు లేదు. తీగ ఎంత ఎత్తు కడితే అంత మేలనుకుంటారు కొత్తవాళ్లు. పక్క జిల్లాతో మాట్లాడటానికి అది తప్పు. రాత్రి పొద్దుపోయాక ఇదే 7 మెగాహెర్ట్‌జ్ మీద దూరం వాళ్లు వినబడి, దగ్గరివాళ్లు మాయమవుతారు. అప్పుడు 3.5కు దిగాలి. ఇవన్నీ తుపాను రాత్రి పుస్తకం తెరిచి నేర్చుకునేవి కావు.

ఈ విద్యకు తెలుగునాట పెద్ద దిక్కు హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో, 1983లో మొదలైంది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో ఒక జట్టును పోర్ట్‌బ్లెయిర్‌కు తీసుకెళ్లారు. అండమాన్ నుంచి హామ్‌లు పలకడం ఏళ్ల తరబడి లేదు. కాబట్టి ప్రపంచంలోని అభిరుచిగలవాళ్లందరితో మాట్లాడటమే ఆ ప్రయాణం ఉద్దేశం, ఒక విధంగా సరదా. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. సరదా అక్కడితో ఆగింది. అవే సెట్లతో ద్వీపాల కబుర్లు ప్రధాన భూభాగానికి చేరవేశారు. తర్వాత కార్ నికోబార్‌లోనూ స్టేషను పెట్టారు. సునామీ కోసం ఎవరూ వాళ్లను పంపలేదు. అప్పటికే అక్కడ, చెయ్యి తిరిగి, సిద్ధంగా ఉన్నారంతే.

సెట్టు నడపడం కన్నా కష్టం కబురు రాయడం. “మా ఊరు నాశనమైంది, వెంటనే సాయం పంపండి” అన్నది కబురు కాదు, ఏడుపు. ఏడుపులో తప్పు లేదు గానీ విన్న అధికారి దానితో ఏమీ చెయ్యలేడు. ఇంకోటి చూడండి, ఇది నేను ఉదాహరణకు రాసింది: “ఉదయం 9.40. వజ్రపుకొత్తూరు మండలం, ఫలానా ఊరు. బడిలో 60 మంది. డయాలసిస్ రోగులు ఇద్దరు, ఒకరికి ఈరోజే వంతు. రోడ్డు మీద చెట్లు, బైకు వస్తుంది, జీపు రాదు. స్వయంగా చూసి చెప్పినవారు గ్రామ రెవెన్యూ అధికారి.” దీనితో అంబులెన్సు ఎక్కడి దాకా రాగలదో, అక్కడి నుంచి మనిషిని ఎలా మోసుకురావాలో తేలుతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు మనకు కొత్త కాదు. వారానికి రెండు మూడుసార్లు రక్తశుద్ధి మీద బతికే మనిషికి తుపాను గాలితో ముగియదు. కరెంటు, నీళ్లు, దారి మూడూ తిరిగి వచ్చేదాకా నడుస్తూనే ఉంటుంది.

కబురు అందుకున్నవాడు దాన్ని తిరిగి చదివి వినిపించాలి. అంకెలు ఒక్కొక్కటిగా పలకాలి. పదహారు, పదిహేడు రొదలో ఒకేలా వినబడతాయి. చూసింది, విన్నది వేర్వేరుగా చెప్పాలి. సులైమాన్ (అలైహిస్సలాం) వార్తను పరీక్షకు పెట్టింది గుర్తుంటే ఇది చాదస్తం అనిపించదు. చనిపోయినవారి పేర్లు గాలిలో చదవకూడదు. హామ్ మాట ఎవరైనా వినొచ్చు, కన్నతల్లి కూడా. అది అమానత్. మామూలు రోజుల్లో ఇతరుల కబుర్లు మోయడానికి హామ్‌లకు స్వేచ్ఛ లేదు. విపత్తులో కలెక్టరు వంటి అధికారుల కబుర్లు మోయవచ్చు. అంటే కంట్రోల్ రూముతో పరిచయం ముందే ఉండాలి, గాలి వచ్చిన రోజు గుమ్మం దగ్గర నిలబడి మేమూ ఉన్నామంటే కాదు.

ఇక మన సొసైటీ చెయ్యదగ్గది. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే వాకీటాకీలు ఇరవై కొని పంచుదామని ఒక సూచన వినబడుతోంది. వద్దు. లైసెన్సు లేకుండా వాటిలో పలకడం చట్టవిరుద్ధం, పైగా అలవాటులేని గొంతులు ఇరవై ఒకేసారి లేస్తే అవసరమైన గొంతు మునిగిపోతుంది. ముందు మనుషులు, తర్వాత పెట్టెలు. పన్నెండేళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. ప్రభుత్వ వైర్‌లెస్ మానిటరింగ్ స్టేషను విశాఖలోనే ఉంది. మొదటి మెట్టుకు మోర్స్ అక్కర్లేదు. కొంచెం విద్యుత్తు పాఠం, కొంచెం నియమాలు, అంతే. ఇంటర్ చదివే పిల్లవాడికి కష్టం కాదు. ఆడపిల్లలు ఇంటి మేడ మీద తీగ కట్టుకుని సాధన చెయ్యవచ్చు, దానికి భారతీ గారి కన్నా వేరే సాక్ష్యం వెతకనక్కర్లేదు.

డబ్బు విషయం దాతలు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. జకాత్‌కు హక్కుదారులు ఎవరో ఖుర్‌ఆన్ చెప్పింది, ఆ పైకం పేదవాడి సొంతం కావాలి. సొసైటీ గదిలో ఉండే రేడియో పెట్టెకు దాన్ని వాడకూడదని హనఫీ ఉలమాల మాట. కాబట్టి సెట్టు, బ్యాటరీ, తీగ, పరీక్ష ఫీజులు సదఖా, లిల్లాహ్ పద్దులోనే రాయాలి. రసీదు వేరుగా ఇవ్వాలి. సందేహం ఉంటే ముఫ్తీ గారిని అడిగాకే పైకం తియ్యాలి.

మసీదు మైకుకు ఇన్వర్టరు ఉన్నచోట అదే బ్యాటరీ సెట్టుకూ పనికొస్తుంది, రేడియోలో వచ్చిన కబురు మైకులో వీధికి చేరుతుంది. కానీ మినారుకు తీగ కట్టవద్దు, పిడుగు భయం. పక్క మేడ మీద బొంగు చాలు. గాలి మొదలవక ముందే తీగ విప్పి చుట్టి లోపల పెట్టి, గాలి తగ్గిన గంటలో మళ్లీ కట్టాలి. ఆ విప్పడం, కట్టడం చీకట్లో, టార్చి వెలుగులో చెయ్యగలిగేదాకా పిల్లల చేత ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వారానికి ఒకసారి చేయించాలి. కబురు పుస్తకంలో తేదీ, సమయం రాయించాలి, ఆ రోజు పలికింది శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురానికి “వినబడుతున్నానా” అన్న ఒక్క మాటే అయినా సరే.