చలి కొద్దీ వేడి

కొంతమంది ప్రతిదానికీ పూర్తి బలం వాడేస్తారు. పిల్లవాడు పెన్సిల్ పారేసుకున్నా, పరీక్ష తప్పినా ఒకటే ఉపన్యాసం. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత ఇళ్ళ బేస్‌మెంట్లలో అచ్చం ఇదే స్వభావం ఉన్న యంత్రం ఒకటి కనిపిస్తుంది. అదే బాయిలర్. నీళ్ళు కాచి, పైపుల గుండా గదుల్లోని రేడియేటర్లకో, గోడ వెంట నేలమట్టాన ఉండే బేస్‌బోర్డులకో పంపిస్తుంది. బయట జనవరి మంచు పడుతున్నా, ఏప్రిల్ చిరుచలి వేస్తున్నా దాని పద్ధతి ఒకటే: 180 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 82 సెల్సియస్.

గదిలో ఉక్కపోస్తుంది. థర్మోస్టాట్ ఆపేస్తుంది. గది చల్లబడుతుంది. మళ్ళీ మంట. చిరుచలి రోజుల్లో ఈ వెలగడం, ఆరడం మరీ ఎక్కువ. ఆ వృథా అంతా ఇంధనం బిల్లులో కలుస్తుంది.

బోస్టన్ చుట్టుపక్కలనో, న్యూజెర్సీలోనో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళలో చాలామందికి ఈ యంత్రం కొత్త. గీజరు తెలుసు గానీ, ఇల్లంతా వెచ్చబెట్టే నీళ్ళతో పరిచయం ఉండదు. దీని దుడుకు తగ్గించే సాధనం అవుట్‌డోర్ రీసెట్ కంట్రోల్. బయట గోడకు ఒక చిన్న సెన్సర్, బాయిలర్ దగ్గర ఒక కంట్రోల్ పెట్టె. బయట ఎంత చలిగా ఉందో చూసి, నీళ్ళు ఎంత కాగాలో అది నిర్ణయిస్తుంది. దీన్ని ఎంచుకునేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్నలు మనిషి తన జీవితంలోనూ వేసుకోదగ్గవే. వాటన్నిటికీ మూలం ఒక్కటే: ఎంత చేయగలను అని కాదు, ఇప్పుడు ఎంత చాలు?

1. ముందు లెక్క వేయండి

లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టే ఇల్లు వేడిని పోగొట్టుకుంటుంది. గదిలో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ కావాలనుకుందాం (ఇక్కడి అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లోనే). బయట 10 ఉంటే తేడా 60. బయట 40 ఉంటే తేడా 30, అంటే అవసరం సగమే. బోస్టన్‌లో బాగా చలి రోజు సుమారు 10 డిగ్రీలు అనుకుని, ఆ రోజుకు 180 డిగ్రీల నీళ్ళు కావాలని పెట్టుకోండి. బయట 70 ఉన్నప్పుడు 90 చాలు. మధ్యలో బయట ఒక డిగ్రీ తగ్గినప్పుడల్లా నీళ్ళు ఒకటిన్నర డిగ్రీ పెరగాలి. ఈ లెక్కన బయట 40 ఉన్న రోజు 135 డిగ్రీల నీళ్ళు సరిపోతాయి. ఈ గీతనే హీటింగ్ కర్వ్ అంటారు.

పాలు పొంగేదాకా ఒక సెగ, పొంగాక ఒక సెగ అన్న సంగతి వంటింట్లో అందరికీ తెలుసు. పనుల్లోకి వచ్చేసరికి మరిచిపోతాం. రేపటి సమావేశానికి ఎంత సిద్ధం కావాలి, ఈ గొడవకు ఎంత మాట చాలు అని ముందే లెక్క వేసుకునేవాడు సాయంత్రానికి అలసిపోడు.

2. మీ కనీస గీత ఎక్కడుందో తెలుసుకోండి

కంట్రోల్ కొనేముందు బాయిలర్ ఏ జాతిదో చూడండి. పాత పోత ఇనుము బాయిలరైతే జాగ్రత్త. గ్యాస్ మండితే వచ్చే పొగలో నీటి ఆవిరి ఉంటుంది. ఇల్లంతా తిరిగి వచ్చిన నీళ్ళు సుమారు 130 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఆ ఆవిరి బాయిలర్ లోపలా, చిమ్నీలోనూ నీరవుతుంది. ఆ నీటిలో ఆమ్లగుణం ఉంటుంది. ఇనుమునూ తింటుంది, చిమ్నీనీ తింటుంది. కాబట్టి ఇలాంటి బాయిలర్‌కు పెట్టే కంట్రోల్‌లో ‘ఇంతకు తగ్గకూడదు’ అనే సెట్టింగు తప్పకుండా ఉండాలి. సాధారణంగా అది 140 ప్రాంతంలో పెడతారు. మన లెక్క 135 చాలన్నా సరే, ఇక్కడ 140 దగ్గర ఆగాల్సిందే.

కొత్త కండెన్సింగ్ బాయిలర్ కథ పూర్తిగా తిరగబడుతుంది. ఆవిరి నీరవుతూ వదిలే వేడిని కూడా పట్టుకునేలా, ఆ ఆమ్లాన్ని తట్టుకునేలా దాన్ని తయారు చేస్తారు. తిరిగొచ్చే నీళ్ళు ఎంత చల్లగా ఉంటే దానికి అంత లాభం. దాన్ని ఎప్పుడూ 180లో నడిపితే ఎక్కువ డబ్బు పోసి కొన్న గుణాన్ని వాడుకోనట్టే.

ఒకరికి మేలు చేసే సలహా మరొకరికి చేటు చేసేది ఇలాగే. స్నేహితుడు రాత్రి నాలుగు గంటలే పడుకుని నెగ్గాడని మీరూ నిద్ర తగ్గించుకోకండి. ఆరోగ్యం, కుటుంబం, నిద్ర: వీటిలో మీరు ఎంతకు తగ్గకూడదో రాసిపెట్టుకోండి. సర్దుబాటు ఆ గీతకు పైనే జరగాలి.

3. ఉన్నదాన్ని చూసి కొనండి

కొత్త కండెన్సింగ్ బాయిలర్లలో చాలావాటికి ఈ కంట్రోల్ లోపలే ఉంటుంది. సెన్సర్‌కు తీగ లాగి, కర్వ్ సరిగా పెడితే చాలు. తీగ తగిలించకుండా వదిలేసిన ఇళ్ళూ ఉంటాయి. కొనే ముందు మీ బాయిలర్ మాన్యువల్ తెరవండి. చేతిలో ఉన్న శక్తిని వాడకుండా కొత్త శక్తి కోసం బజారుకు పరిగెత్తడం మనకు బాగా అలవాటైన పని.

పాత బాయిలరైతే విడిగా అమర్చే కంట్రోల్ కావాలి. టెక్‌మార్ లాంటి కంపెనీలు ఇవి తయారు చేస్తాయి. బయటికి తీగ లాగడం కష్టమైతే, బాయిలర్ ఎంతెంత సేపు పనిచేస్తోందో చూసి అవసరాన్ని ఊహించే హైడ్రోస్టాట్ తరహా కంట్రోళ్ళున్నాయి. నేల కింద పైపులున్న ఇంటికి ఇంకా చల్లని నీళ్ళు కావాలి. అక్కడ పాత బాయిలర్‌ను వేడిగానే ఉంచి, నేలకు వెళ్ళే నీటిని కలిపి చల్లబరిచే మిక్సింగ్ వాల్వ్ పెట్టించాలి. ఇల్లు వేడిగాలి ఫర్నేస్‌తో నడుస్తుంటే ఈ కంట్రోల్ ఊసే అక్కర్లేదు.

అమెరికాలో 2007 నాటి ఇంధన చట్టం వల్ల, 2012 సెప్టెంబరు 1 నుంచి తయారైన ఇళ్ళ వేడినీటి బాయిలర్లకు అవసరాన్ని బట్టి నీటి వేడిని సర్దుకునే ఏర్పాటు తప్పనిసరి అయింది. కుళాయి నీళ్ళు కాచే కాయిల్ లోపలే ఉన్నవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

4. సెన్సర్‌ను నీడలో పెట్టండి

సెన్సర్‌కు ఉత్తరం గోడ మంచిది. ఎండ తగిలితే అది బయట వెచ్చగా ఉందనుకుంటుంది. బట్టల డ్రయర్ గాలి, వంటింటి పొగ, బాయిలర్ పొగగొట్టం దగ్గర పెట్టినా అంతే. తప్పు సమాచారం అందితే ఎంత ఖరీదైన కంట్రోలైనా తప్పు నిర్ణయమే తీసుకుంటుంది.

మీ గురించి మీకు చెప్పేదెవరో కూడా చూసుకోండి. పొగడ్తల ఎండలో నిలబడి కొలుచుకుంటే మీ స్థాయి ఎక్కువ కనిపిస్తుంది. మీ వల్ల లాభం గానీ భయం గానీ లేని ఒకరిద్దరి మాట వినండి.

5. మినహాయింపు ముందే రాసుకోండి

అదే బాయిలర్ స్నానాల నీళ్ళ ట్యాంకును కూడా కాస్తుంటే, ట్యాంకు అడిగినప్పుడు బయటి చలితో పని లేకుండా నీళ్ళు బాగా కాగాలి. ట్యాంకులో నీళ్ళు కాగేదాకా గదులు ఆగుతాయి. ఇలా ట్యాంకుకు ముందు చోటిచ్చే ఏర్పాటు మీరు కొనే కంట్రోల్‌లో ఉందో లేదో అడగండి. ఏ పని వస్తే మిగతావన్నీ పక్కకు తప్పుకోవాలో ముందే తేల్చుకున్న ఇంట్లో గొడవలు తక్కువ.

6. ఒకసారికి ఒక్కటే మార్చండి

అమర్చిన రోజే కర్వ్ కుదరదు. బాగా చలి రోజుల్లో మాత్రమే వేడి చాలనట్టుంటే కర్వ్ వాలు పెంచాలి. చలి ఎక్కువున్నా తక్కువున్నా ఒకేలా చాలకపోతే గీత మొత్తాన్ని పైకి జరపాలి. ఒక్క మార్పు చేయండి, ఒకటి రెండు రోజులు ఆగండి, చూసి రాసుకోండి. రెండూ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఉద్యోగం, వ్యాయామం, చదువు ఒకే సోమవారం మార్చేసేవాళ్ళకు జరిగేదీ ఇదే.

రాత్రి థర్మోస్టాట్‌ను బాగా తగ్గించే అలవాటును కూడా సవరించుకోవాలి. నీళ్ళు ఇప్పుడు సరిపడా మాత్రమే కాగుతాయి కాబట్టి, పొద్దున పది డిగ్రీలు ఎక్కడానికి గంటలు పడుతుంది. తగ్గింపు రెండు మూడు డిగ్రీలకు పరిమితం చేయండి, లేదా ‘బూస్ట్’ ఉన్న కంట్రోల్ తీసుకోండి. నిలకడగా నడిచేవాడికి పరుగు అవసరం తక్కువ.

7. ఆగాల్సిన చోటు పెట్టుకోండి

బయట 65 డిగ్రీలు దాటితే గదుల కోసం బాయిలర్ వెలగకుండా ఆపేసే సెట్టింగు వీటిలో ఉంటుంది. చాలామంది దాన్ని తాకరు. తాకండి. మీ పనిదినానికీ ఇలాంటి హద్దు ఒకటి పెట్టండి.

ఇక ఈ వారమే చేయాల్సిన పని. బాయిలర్ మోడల్ నంబరు ఫోటో తీసుకోండి. లైసెన్సున్న హీటింగ్ టెక్నీషియన్‌ను పిలవండి. గ్యాస్ జోలికి మీరు వెళ్ళొద్దు. ఆయన్ని నాలుగు ప్రశ్నలు అడగండి: ఇది కండెన్సింగా కాదా, తిరిగొచ్చే నీళ్ళు కనీసం ఎంత వేడిగా ఉండాలి, రీసెట్ లోపలే ఉందా, సెన్సర్ ఏ గోడకు పెడతారు? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పగలిగినవారికే పని అప్పగించండి. చెప్పలేనివారు ఎంత తక్కువ ధర చెప్పినా మర్యాదగా పంపేయండి.